తెలుపును కాపాడే రబ్బరు పాలు

పారదర్శకమైన నీటిరంగుల చిత్రంలో కనిపించే తెలుపు కాగితానిదే. తుమ్మజాతి చెట్ల జిగురుతో నూరి నీటిలో పలచన చేసిన రంగును దాటి వెళ్లిన వెలుతురు కాగితాన్ని తాకి, మళ్లీ ఆ పొర గుండానే కంటిని చేరుతుంది. అందువల్ల అలల మీది తళుకునో, చీకటి పొదల ముందు నిలిచిన గడ్డిపరకనో తెల్లగా చూపదలచిన చిత్రకారుడు ఆ చోట రంగు పడకుండా మొదటి నుంచీ కాచుకోవాలి. పెద్ద ఆకారాల చుట్టూ కుంచెను తప్పించి నడపడం సాధ్యమే గాని, ఆకాశమంతటా ఒకే ఊపులో రంగు పరచవలసినప్పుడు దారమంత సన్నని ఓడతాళ్ల దగ్గర ఆగుతూ పోతే, తడి అంచులు ఆరిపోయి చారలు కడతాయి. ఈ చిక్కును తీర్చడానికి వచ్చినదే మాస్కింగ్ ఫ్లూయిడ్: దాన్ని ముందుగా కావలసిన చోట పూస్తే ఆరి రబ్బరు పొరవుతుంది, దాని మీదుగా రంగు వేసి, ఆ రంగూ ఆరాక పొరను తీసేస్తే కాగితపు తెలుపు చెక్కుచెదరకుండా బయటపడుతుంది.

రబ్బరుకు ముందు ఈ పని మైనం చేసింది. యార్క్‌షైర్‌లో పుట్టిన ప్రకృతిచిత్రకారుడు ఫ్రాన్సిస్ నికల్సన్ (1753–1844) తేనెమైనాన్ని టర్పెంటైన్‌తో కలిపి, అందులో సీసపు తెల్లపొడి చేర్చి, వెలుగు చుక్కలు నిలవవలసిన చోట్ల పూసేవాడు. పైన రంగులు వేసిన తరువాత ఆ పూతను ద్రావకంతో తొలగించేవాడు. ఈ పద్ధతిని ఆయన 1820లో వెలువరించిన బోధనాగ్రంథంలో వివరించాడు. అంతకు ముందే కోరమాండల్ తీరంలోని కలంకారీ పనివారికి ఇదే సూత్రం గుడ్డ మీద తెలుసు: నీలం పట్టకూడని భాగాలన్నిటికీ మైనం పూసి, గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచి, తరువాత మరిగే నీటిలో మైనాన్ని కరిగించే ఆ విధానాన్ని ఫ్రెంచి జెసూట్ మతగురువు కేర్దూ 1742 నాటి లేఖలో వర్ణించాడు. గుడ్డ ఉడుకునీటికి తట్టుకుంటుంది, కాగితం తట్టుకోదు. కాగితానికి చల్లగానే ఊడివచ్చే పూత కావాలి.

ఆ గుణం రబ్బరుకు ఉన్నా, అది ద్రవరూపంలో చిత్రకారుల చేతికి రావడానికి చాలాకాలం పట్టింది. దక్షిణ అమెరికా నుంచి ఫ్రెంచి శాస్త్రవేత్త లా కొందమీన్ 1736లో పారిస్‌కు పంపినది గడ్డకట్టిన రబ్బరు. పెన్సిలు గీతలను చెరపడానికి అది బాగా పనికివస్తుందని ఆంగ్ల శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1770లో చిత్రలేఖనానికి సంబంధించిన తన పుస్తకంలోనే గుర్తించాడు. అంటే రబ్బరు చిత్రకారుని బల్ల మీదికి మొదట చెరిపే వస్తువుగా వచ్చింది. చెట్టు నుంచి కారే పాలు మాత్రం ఓడప్రయాణానికి ఆగవు: గాలిలోని సూక్ష్మజీవులు అందులో చేరి ఆమ్లాలు పుట్టించడంతో కొన్ని గంటల్లోనే విరిగిపోతాయి. వాటిని నిలవ ఉంచే ఉపాయం అమోనియా. అది సూక్ష్మజీవులను అణచి, పాలను క్షారగుణంలో నిలుపుతుంది. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిల్ నుంచి లండన్‌కు చేర్చిన గింజల మొలకలు ఆసియాలో తోటలుగా విస్తరించడం, ఆ తోటల పాలను యంత్రాల్లో గిరగిర తిప్పి సుమారు 60 శాతం రబ్బరు ఉండేలా చిక్కబరచడం సాధ్యపడిన తరువాతే, ద్రవరూపంలోని రబ్బరు పాలు ఇరవయ్యో శతాబ్దంలో విరివిగా దొరికాయి.

ఆ పాలలో మైక్రోమీటరుకు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు, అటూఇటూగా ఉండే రబ్బరు కణాలు నీటిలో తేలుతుంటాయి. కణాల చుట్టూ ఉన్న ప్రొటీన్ల, కొవ్వు పదార్థాల పొర వాటికి ఋణవిద్యుదావేశం ఇస్తుంది కాబట్టి అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా ఉంటాయి. కాగితం మీద నీరు, అమోనియా ఆవిరైపోగానే కణాలు దగ్గరకు జరిగి, ఒత్తుకుని, కలిసిపోతాయి. రబ్బరు సున్నాకు సుమారు 70 డిగ్రీలు దిగువన గాని గాజులా బిగుసుకోదు; గది వేడిలో దాని పొడవైన అణుగొలుసులు కదులుతూనే ఉండి, పక్క కణంలోకి చొచ్చుకుని పెనవేసుకుంటాయి. కాగితాన్ని పట్టుకున్నదానికంటే రబ్బరు తన్ను తానే గట్టిగా పట్టుకుంటుంది. ఈ ద్రవం ఉపయోగమంతా ఈ ఒక్క గుణం మీదే నిలిచి ఉంది. ఆరిన పొర కొసను వేలితో రుద్దితే అది ఉండచుట్టుకుంటుంది, ఆ ఉండనే అద్దితే మిగిలిన పొర దానికి అంటుకుని లేచి వస్తుంది.

వాడకంలోని జాగ్రత్తలన్నీ ఈ రసాయనం నుంచే పుడతాయి. మంచి కాగితానికి జెలటిన్ వంటి పూత ఉండి, ద్రవాన్ని పీచుల్లోకి ఇంకనివ్వకుండా పైనే నిలుపుతుంది. కాగితం కాస్త తడిగా ఉన్నా, ఆ పూత బలహీనమైనా, రబ్బరు పీచులతో పెనవేసుకుని, తీసేటప్పుడు కాగితాన్ని చింపుకుని వస్తుంది. సీసాను కుదిపితే నురగ పుట్టి, పూతలో బుడగలు పగిలిన చోట్ల రంగు కిందికి దిగుతుంది. కుంచెను ముందుగా సబ్బునీటిలో ముంచి, పని కాగానే కడగకపోతే వెంట్రుకల మొదళ్లలో రబ్బరు గట్టిపడి కుంచె చెడిపోతుంది. అందుకే చాలామంది పాత కుంచెనో, ఉక్కుపాళీ కలాన్నో వాడతారు. వేడిగాలితో ఆరబెట్టినా, వారాల తరబడి పొరను అలాగే వదిలినా పట్టు పెరిగి తీయడం కష్టమవుతుంది. ఎక్కడ పూశారో కనిపించడానికి కొన్ని రకాల్లో పసుపు లేక నీలి ఛాయ కలుపుతారు గాని, అది కొన్ని కాగితాలపై మరక వదలవచ్చు. రబ్బరు పాల ప్రొటీన్లు పడని వారికి ఇది చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది.

పొర తీసిన తరువాత మిగిలే తెలుపుకు అంచు కత్తిరించినట్లు ఉంటుంది. నీటి మీది మెరుపుకు, ఓడతాళ్లకు, వర్షధారకు ఆ పదును తగినదే. మబ్బు అంచుకో, పొగమంచుకో అది అసలు కుదరదు, అక్కడ తడి కాగితమే సరైన సాధనం. నైపుణ్యం గల చిత్రకారులు ఈ ద్రవాన్ని కొద్ది చోట్లకే పరిమితం చేసి, పొర ఊడివచ్చాక తడి కుంచెతో అంచును ఒకవైపు మాత్రమే మెత్తబరచి, మితిమీరి తెల్లగా తోచిన చోట్ల పలుచని రంగు తగిలించి చిత్రంలో కలిపేస్తారు.