గ్రంథిరసములు - పట్టణపు కొలువులు



మీ కొడుకులో, కోడండ్రో, మనుమరాండ్రో హైదరాబాదునకు పడమటనున్న మాదాపురము, గచ్చిబౌలి ప్రాంతములలో కొలువు చేయుచుండవచ్చును. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు అచ్చట సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. బండరాళ్లతో నిండిన ఆ సీమయే నేడు హైటెక్ సిటీ యని ప్రసిద్ధి కెక్కినది. అచ్చటి పనికి చెమట పట్టదు, గది చల్లగా నుండును, జీతమును మంచిదే. అయినను ముప్పదియేండ్లకే 'షుగరు' అనియు, 'థైరాయిడు' అనియు వైద్యుని చీటీతో ఇంటికి వచ్చువారు ఆ ఉద్యోగులలో కలరు. ఇంత చిన్న వయసున ఇవేమి రోగములని పెద్దలు విస్తుపోవుచున్నారు.

మన దేహమున కొన్ని గ్రంథులు తమ రసమును నేరుగా రక్తములోనికి విడుచును. 1905లో స్టార్లింగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఆ రసములను హార్మోనులని పిలిచెను. చెరువు క్రింద నీరటికాడు ఏ మడికెంత నీరు పోవలెనో చూచునట్లు, ఇవి ఏ యవయవమెంత పని చేయవలెనో నిర్ణయించును.

కడుపు వెనుకనున్న క్లోమగ్రంథి ఇన్సులిన్ అను రసము నిచ్చును. తిన్న యన్నము చక్కెరయై రక్తమున చేరగా, దానిని కండలలోనికి చేర్చునది ఈ రసమే. అది చాలకున్నను, దేహము దాని మాట వినకున్నను చక్కెర రక్తముననే నిలిచి, కన్నులను, మూత్రపిండములను, కాళ్ల నరములను మెల్లమెల్లగా చెరచును. మధుమేహమని మన ప్రాచీన వైద్యులు దీని నెరుగుదురు. మూత్రమునకు చీమలు పట్టుటను వారు గమనించిరి. కాని మందు దొరకినది ఇటీవలనే. 1922 జనవరిలో కెనడా దేశపు టొరాంటో నగరమున పదునాలుగేండ్ల బాలునకు మొదటిసారి ఇన్సులిన్ సూది వేసిరి. మరణమునకు చేరువయైన ఆ బాలుడు మరి పదుమూడేండ్లు జీవించెను.

ఇచ్చట ఒక భేదము గట్టిగా తెలిసికొనవలెను. పిల్లలకు తరచుగా వచ్చు మధుమేహమున క్లోమము ఇన్సులిన్ నిచ్చుట దాదాపుగా నిలిచిపోవును. ఎవరో ఆకుపసరు ఇచ్చిరని అట్టి బిడ్డకు సూది మాన్పించినచో కొలది దినములలోనే ప్రాణాపాయము. పెద్దలకు వచ్చునది వేరు. దేహము ఇన్సులిన్ మాట వినకపోవుటతో అది మొదలగును. హైటెక్ సిటీ ఉద్యోగులలో మిక్కిలిగా కనబడునది ఇదియే.

కారణము కూర్చుండుటలోనే చాలవరకు ఉన్నది. కదలు కండ చక్కెరను త్రాగును; కదలని కండ త్రాగదు. మిగిలినది కొవ్వుగా మారి నడుము చుట్టును, కాలేయమునను పేరుకొనును. హైదరాబాదు విశ్వవిద్యాలయమువారు 345 మంది కంప్యూటరు ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితమున నూటికి 84 మంది కాలేయములలో కొవ్వు కనబడినది. అది మధుమేహము కాదు గాని, దాని పొరుగిల్లు. దీనికి తోడు, అమెరికాలో పగలైనపుడు మనకు రాత్రి. వారి వేళకు పనిచేయువారు అర్ధరాత్రి భుజింతురు. ఆ వేళ దేహము చక్కెరను పగటివలె సర్దుకొనజాలదు.

జొన్నగటక తిన్న కాలమున ఇవి లేవని కొందరందురు. జొన్న మంచిదే. కాని ఆనాడు తిన్నవాడు నాగలి వెంట నడిచెను. నేడు జొన్నరొట్టె తిని కుర్చీలో కూర్చున్నవానికి ఆ ఫలము రాదు.

దర్జీ టేపుతో కొలిచి చూడుడు. పురుషునకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీకి 80 దాటినచో రక్తపరీక్ష అవసరము. పరగడుపున చక్కెర 126 మిల్లీగ్రాములో అంతకు మించియో ఉండి, మరల పరీక్షించినను అట్లే యున్నచో అది మధుమేహము.

ఇక కంఠముననున్న థైరాయిడు గ్రంథి. దాని రసము తగ్గినచో అలసట, చలి, మలబద్ధము, జుట్టు రాలుట, ఋతుక్రమము తప్పుట కలుగును. చల్లని కచేరీగదిలో శాలువ కప్పుకొన్న పిల్లను చూచి, ఆ చలి యంత్రమువలననే యని అందరు ననుకొందురు. ఇంటికి వచ్చి పరుండినచో సోమరియందురు. ఈ మాట పెద్దల నోటనే వచ్చుచున్నది, అది అన్యాయము. టీఎస్‌హెచ్ అను చిన్న రక్తపరీక్షతో నిజము తేలును. పెండ్లి చెడునని ఈ రోగమును దాచి, మందు మాన్పించు ఇండ్లును కలవు. గర్భిణి యీ మందు మానినచో గర్భస్రావ భయము కలదు. శిశువు మెదడు ఎదుగుదలకును హాని.

ఈ గ్రంథికి అయొడిను కావలెను. సముద్రపు కల్లుప్పులో అది సమృద్ధిగా ఉండునని పెక్కుమంది భ్రమ. సహజముగా అందుండునది అత్యల్పము. కనుక అయొడిను కలిపినదని పొట్లముపై వ్రాసిన ఉప్పునే కొనవలెను. అయితే ఉప్పు సరిగానున్న చోట్ల ఈ లోపము ఎక్కువగా దేహము తన గ్రంథిని తానే చెరచుకొనుటచే కలుగుచున్నది. దానికి మాత్రయే శరణ్యము. ఆ మాత్రను పరగడుపున నీటితో మ్రింగి, కాఫీకి అరగంటయైనను ఆగవలెను. కోడలు లేచుటతోడనే ప్రేమతో కాఫీ అందించు అత్తగారు ఆ అరగంట ఓర్చుకొనవలెను. ఇనుము, కాల్షియము మాత్రలున్నచో వానిని నాలుగు గంటలు గడచిన పిమ్మట ఇయ్యవలెను.