సెకండ్ హ్యాండ్ మోటార్ బోటు కొంటున్నారా..? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఈ 6 చెకింగ్స్ మస్ట్!

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ అనగానే అందరికీ పసుపే గుర్తొస్తుంది. కానీ ఈ ప్రాంతానికి దగ్గర్లోనే గోదావరిపై శ్రీరాంసాగర్ ప్రాజెక్టు ఉంది. నందిపేట్ వైపు బ్యాక్ వాటర్ ఊళ్లలో చేపల వేటపైనే బతికే కుటుంబాలున్నాయి. గంటల తరబడి తెడ్డు వేయలేక మోటార్ బోటు కొందామనుకుంటే, కొత్తదాని రేటు అందదు. దీంతో చూపు సెకండ్ హ్యాండ్ వైపు వెళ్తుంది. ఇక్కడే అసలు రిస్క్. పైన రంగు కొట్టి, తుడిచి పెట్టిన మోటార్ నిండు రిజర్వాయర్ మధ్యలో ఆగిపోతే..? డబ్బులే కాదు, ప్రాణాలూ పోవచ్చు.

పసుపు కొమ్మును విరిచి లోపలి రంగు చూడనిదే ఎవరైనా రేటు చెప్తారా..? బోటు విషయంలోనూ అంతే. ఏమేం చూడాలో ఇప్పుడు తెలుసుకుందాం.

1. ఇంజిన్ చల్లగా ఉందా..?
మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే డౌట్ పడాల్సిందే. వేడి మీదున్న ఇంజిన్ ఈజీగా స్టార్ట్ అవుతుంది. అసలు రోగం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. కాబట్టి ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని అమ్మేవాళ్లకు చెప్పండి. చేత్తో తాకి చూశాకే తాడు లాగించండి.

2. నీళ్ల ధార వస్తోందా..?
ఔట్‌బోర్డ్ మోటార్ బయటి నీళ్లను లాక్కుని ఇంజిన్‌ను చల్లబరుచుకుంటుంది. స్టార్ట్ చేయగానే పక్కన చిన్న రంధ్రం నుంచి నీళ్లు ధారగా రావాలి. రాకపోయినా, సన్నగా వచ్చినా లోపల పంపు రబ్బరు ఫ్యాన్ అరిగిందని, లేదా దారి పూడిందని అర్థం. రబ్బరు ఫ్యాన్ మార్చడం చిన్న పనే. కానీ అలాగే నడిపి ఉంటే ఇంజిన్ వేడెక్కి దెబ్బతిని ఉండొచ్చు. నీళ్లు లేకుండా గట్టు మీద ఇంజిన్ నడిపి చూపిస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు.

3. గేర్ ఆయిల్ రంగు చూశారా..?
కింద ఫ్యాన్ దగ్గరున్న స్క్రూ కొద్దిగా వదులు చేయించి, ఆయిల్ చుక్క చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే సీల్ పోయి నీళ్లు లోపలికి వెళ్లినట్టే. ఇనుప ముక్కలు కనిపిస్తే గేర్లు అరిగినట్టు.

4. కంప్రెషన్ ఎంత..?
మెకానిక్‌ను తీసుకెళ్లి గేజ్‌తో ప్రతి సిలిండర్ కొలిపించండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే జాగ్రత్త పడాలి. మెకానిక్‌కు ఇచ్చే కూలీ దగ్గర మాత్రం వెనకాడొద్దు. ఇంకో విషయం.. సముద్రంలో తిరిగిన మోటార్ అయితే లోపల ఉప్పు తుప్పు ఉంటుంది. బోల్టుల చుట్టూ తెల్లటి పొడి, పొక్కులు లేచిన పెయింట్ దాని గుర్తులు.

5. వెనక పలక గట్టిగా ఉందా..?
మోటార్ బిగించే వెనక పలకను ట్రాన్సమ్ అంటారు. బరువంతా దీని మీదే. మోటార్‌ను పైకి ఎత్తి, కింది భాగాన్ని పట్టుకుని మెల్లగా ఊపండి. పలక కదిలినా, పగుళ్లు తెరుచుకున్నా లోపలి చెక్క కుళ్లినట్టే. ఫైబర్ బోటు అయితే అడుగంతా వేళ్లతో కొట్టి చూడండి. గట్టి శబ్దం రావాలి. బొద్దుగా వినిపించిన చోట లోపల నీళ్లు చేరి ఉండొచ్చు.

6. నెంబర్, కాగితాలు సరిపోయాయా..?
మోటార్ మీది సీరియల్ నెంబర్ గీకేసి ఉంటే వదిలేయండి. దొంగ సొత్తు కావచ్చు. పాత బిల్లు, అమ్మేవాళ్ల ఐడీ కాపీ, సంతకం చేసిన కాగితం తీసుకోండి. చేపల వేటకు కాకుండా జనాన్ని ఎక్కించుకోవాలనుకుంటే లెక్కే వేరు. రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ గురించి ముందే అధికారులను అడగండి. 2021లో వచ్చిన ఇన్‌ల్యాండ్ వెస్సెల్స్ చట్టం వీటి గురించే చెప్తుంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి పదుల మంది చనిపోయిన సంగతి గోదావరి జనం ఇంకా మర్చిపోలేదు.

అన్నీ బాగున్నాయనిపిస్తే చివరగా ఒడ్డు దగ్గరే నీళ్లలోకి దింపి అరగంట నడపండి. ముందుకు, వెనక్కు గేర్ వేయండి, ఫుల్ స్పీడ్ చూడండి. ట్రయల్‌కు వెళ్లేటప్పుడు లైఫ్ జాకెట్, తెడ్డు కంపల్సరీ. లోపాలు దొరికితే రిపేర్ ఖర్చు లెక్కగట్టి రేటు తగ్గించమని అడగండి. నీళ్లలో ట్రయల్ వద్దని అమ్మేవాళ్లు మొండికేస్తే..? ఆ బోటు మీకొద్దు. మధ్య నీళ్లలో ఆగితే అక్కడ మెకానిక్ దొరకడు!