ప్రయోగశాల పరికరాలకు విద్యుత్ రక్షణ

రైల్వే ఉద్యోగాలతో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్, దేశంలో తొలి ఐఐటీకి కూడా నిలయం. 1951లో ఆ సంస్థ హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో ప్రారంభమైంది. ఇటువంటి విద్యాసంస్థల ప్రయోగశాలలకు నిలకడైన విద్యుత్ ఎంతో ముఖ్యం. ఇంట్లో దీపం క్షణకాలం మినుకుమంటే నష్టం లేదు. ప్రయోగశాలలో ఆ క్షణమే కొలత తప్పవచ్చు, రోజుల శ్రమ వృథా కావచ్చు.

మన దేశంలో గృహ విద్యుత్ సరఫరా ప్రమాణం 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇందులో తలెత్తే లోపాలు ప్రధానంగా మూడు. రక్షణ సాధనాలూ వేర్వేరు.

మొదటిది వోల్టేజీ హెచ్చుతగ్గులు. వీటిని స్టెబిలైజర్ సరిదిద్దుతుంది.

రెండవది, రెప్పపాటుకన్నా తక్కువ వ్యవధిలో ఎగసిపడే అధిక వోల్టేజీ. బెంగాల్‌లో వేసవి కాలబైశాఖి గాలివానలతో వచ్చే పిడుగులు దీనికి ఒక కారణం. సర్జ్ ప్రొటెక్టర్ ఈ ఉధృతిని భూమిలోకి మళ్లిస్తుంది. ఎర్తింగ్ సరిగా లేకుంటే ఆ రక్షణ దక్కదు.

మూడవది సరఫరా నిలిచిపోవడం. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి పశ్చిమ బెంగాల్ సహా అనేక రాష్ట్రాలు చీకటిలో చిక్కుకున్నాయి. కరెంటు పోయినా ఆన్‌లైన్ యూపీఎస్ అంతరాయం లేకుండా బ్యాటరీతో పరికరాన్ని నడుపుతుంది. మైనస్ 80 డిగ్రీల వద్ద జీవ నమూనాలను భద్రపరిచే ఫ్రీజర్లకు గంటల తరబడి విద్యుత్ కావాలి కనుక జనరేటర్ కూడా అవసరం.

కరెంటు తిరిగి వచ్చే సమయమూ ప్రమాదకరమే. అనేక యంత్రాలు ఒకేసారి కదలడంతో వోల్టేజీ ఒడుదొడుకులకు లోనవుతుంది. అందువల్ల యూపీఎస్ లేని సున్నిత పరికరాల స్విచ్‌లను కరెంటు పోగానే ఆపివేయాలి. సరఫరా నిలకడపడిన తరువాత ఒక్కొక్కటిగా ప్రారంభించాలి. ఖర్చు లేని ఈ జాగ్రత్త ఖరీదైన పరికరాలను కాపాడుతుంది.