తాళం వేశారు... గొళ్లెం మరిచారు!

ఆదివారం పూట గళ్లనుడికట్టు పూరించడం చాలా ఇళ్లలో సరదా. అడ్డం తెలియకపోతే నిలువు సాయం చేస్తుంది. 2013లో అచ్చం అలాంటి గళ్లే కంప్యూటర్ నిపుణుల ముందుకొచ్చాయి. కాకపోతే వాటిలో దాగినవి... కోట్లమంది పాస్‌వర్డ్‌లు!

ఫొటోషాప్ తయారుచేసే అమెరికా సంస్థ అడోబ్. తమ నెట్‌వర్క్‌లోకి దొంగలు చొరబడ్డారని ఆ ఏడాది అక్టోబరు 3న ప్రకటించింది. 29 లక్షలమంది వివరాలు పోయాయనీ, కార్డు నంబర్లు మాత్రం ఎన్‌క్రిప్ట్ చేసినవేననీ చెప్పింది. అంటే చదివినా అర్థంకాని గజిబిజి అక్షరాలుగా మార్చి దాచారన్నమాట. నెలాఖరుకు ఆ లెక్క 3.8 కోట్లకు పెరిగింది. తీరా దొంగిలించిన ఫైలు ఇంటర్నెట్‌లో బయటపడ్డాక చూస్తే, వాడకంలో లేని ఖాతాలూ కలిపి 15 కోట్లకు పైనే!

'పోతేనేం, పాస్‌వర్డ్‌లు కూడా ఎన్‌క్రిప్ట్ చేసినవేగా' అనుకుంటాం. తిరకాసంతా అక్కడే ఉంది. అన్నిటికీ ఒకటే తాళంచెవి వాడారు. ఒకే పాస్‌వర్డ్ ఎంతమంది పెట్టుకున్నా ఒకేలాంటి గజిబిజి వచ్చే పద్ధతి అది. ఇక పక్క గడిలో, పాస్‌వర్డ్ మరిచిపోతే గుర్తుచేసే 'హింట్'ని మామూలు అక్షరాల్లోనే వదిలేశారు. ఒకే గజిబిజి వందమందికి ఉందనుకోండి. తొంభైతొమ్మిదిమంది జాగ్రత్తపడినా, వందో ఆయన హింట్‌లో 'ఒకటి నుంచి ఆరు' అని రాసుకున్నాడంటే చాలు, అందరి గుట్టూ రట్టే! జెరెమీ గోస్నీ అనే భద్రతా నిపుణుడు ఎక్కువమంది వాడిన వంద పాస్‌వర్డ్‌ల జాబితా విడుదల చేశారు. మొదటి స్థానం 123456ది. అది పెట్టుకున్నవారు సుమారు 19 లక్షలమంది! తాళంచెవి ఆయన దగ్గర లేదు, దాని అవసరమే రాలేదు.

అడోబ్ పాస్‌వర్డ్‌లు మార్పించింది, బ్యాంకులకు కబురు చేసింది, పోలీసులకు చెప్పింది. అంతా బాగానే ఉంది. కానీ ఇలాంటప్పుడు ముందుగా తేల్చాల్సినవి వేరే ఉంటాయి. పోయిన గళ్లు ఏవి? చెవి కూడా పోయిందా? పక్కన తెరిచి ఉన్న గళ్లేమిటి? 'ఎన్‌క్రిప్ట్ చేశాం' అన్న ఒక్క మాట వీటికి జవాబు కాదు.

మరో సంగతి. కొత్త వ్యవస్థలో అప్పటికే ఏడాదికిపైగా మెరుగైన పద్ధతి వాడుతున్నామని అడోబ్ చెప్పింది. ప్రతి పాస్‌వర్డ్‌కీ వేర్వేరు 'ఉప్పు' కలిపి నూరేయడమే ఆ పద్ధతి. నూరిన పచ్చడిలోంచి మిరపకాయను వెనక్కి తీయలేం కదా! దొంగలు పడింది మాత్రం తీసేయాల్సిన పాత బ్యాకప్ వ్యవస్థ మీద. పాత బీరువాను అమ్మేముందు అరలు వెతకాలని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే.

ఆశ్చర్యం ఏంటంటే, అసలు సంబంధంలేని ఫేస్‌బుక్ కూడా రంగంలోకి దిగింది. బయటపడిన పాస్‌వర్డ్‌లను తమ ఖాతాలతో పోల్చి చూసింది. రెండుచోట్లా ఒకటే వాడుతున్నవారి ఖాతాలను, పాస్‌వర్డ్ మార్చుకునేదాకా ఇతరులకు కనిపించకుండా ఆపింది.

మన దేశంలోనైతే ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022లో ఆదేశాలొచ్చాయి. అడోబ్ కథ మాత్రం 2016 దాకా సాగింది. అమెరికాలోని 15 రాష్ట్రాలకు 10 లక్షల డాలర్లు చెల్లించాక గానీ వాటితో వ్యవహారం తేలలేదు.