సైలెన్సర్ చివర ఆ నీలం ఎక్కడిది?

కొత్తలో అద్దంలా మెరిసిన కారు సైలెన్సర్ చివరి స్టీలు గొట్టం కొన్నాళ్లకు నల్లబడుతుంది. సబ్బునీటితో కడిగితే మసి పోతుంది. కానీ కొన్నిసార్లు దాని కింద పసుపు, ఊదా, నీలి చారలు బయటపడతాయి. అవి ఎంత కడిగినా పోవు. ఎందుకంటే అవి మురికి కాదు.

స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, లోహంపై కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొరగా ఏర్పడుతుంది. తుప్పును ఆపేది ఈ పొరే. బాగా వేడెక్కితే పొర మందమవుతుంది. అప్పుడు దాని పైభాగం నుంచి, అడుగు నుంచి పరావర్తనమైన కాంతి తరంగాలు కలిసి కొన్ని రంగులను బలపరుస్తాయి, కొన్నింటిని చెరిపేస్తాయి. సబ్బు బుడగపై రంగులు కనిపించేదీ ఈ వ్యతికరణం వల్లే. 304 రకం స్టీలు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత పసుపుగా, 540 దగ్గర నీలంగా మారుతుంది.

ఈ రంగు పోవాలంటే పొరను అరగదీయాల్సిందే. గొట్టం పూర్తిగా చల్లారాక మెత్తని గుడ్డతో మెటల్ పాలిష్ రుద్దండి. లోహానికి గాలి తగలగానే కొత్త పొర దానంతటదే ఏర్పడుతుంది. మామూలు ఇనుప పీచు వాడితే దాని రేణువులు స్టీలులో ఇరుక్కుని తుప్పు పడతాయి. బాత్రూం యాసిడ్ అసలే వద్దు. అందులోని క్లోరైడ్ పొరను ఛేదించి లోహంలో గుంటలు చేస్తుంది. క్రోమ్ పూత గొట్టమైతే గట్టిగా రుద్దకండి, పూతే ఊడిపోతుంది.

తుడిచిన మసి జిడ్డుగా ఉంటే మాత్రం పాలిష్‌తో ఆగకండి. ఇంజిన్‌లో ఆయిల్ మండుతోందేమో మెకానిక్‌కు చూపించండి.