ఉపవాసమునకు ముందటి ఉత్సవము
జర్మనీలోని కొలోన్ నగరములో భస్మ బుధవారమునకు ముందు సోమవారమున గొప్ప కార్నివాల్ ఊరేగింపు జరుగును. 1823లో దానికి క్రమబద్ధమైన రూపము ఏర్పడెను. 'మాంసమును తొలగించుట' అను అర్థముగల లాటిన్ మాటల నుండి ఆ పేరు వచ్చెనని అనేక పండితుల అభిప్రాయము. అనగా ఉపవాసమునుబట్టియే ఉత్సవమునకు అర్థము కలిగెను. నేడు అనేకులకు ఉత్సవము మిగిలెను, ఉపవాసము మరుగైనది.

2026లో భస్మ బుధవారము ఫిబ్రవరి 18న వచ్చెను. మూడు దినముల ముందే, మహాశివరాత్రికి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో మన పొరుగువారు ఉపవాసముండి జాగరణ చేసిరి. "మీ ఉపవాసము దేనికి?" అని వారడిగినయెడల మనమేమి చెప్పుదుము? ఆకలిగొనినవారితో ఆహారము పంచుకొనుటకని యెషయా 58వ అధ్యాయము బోధించుచున్నది. కావున నలువది దినములు మాంసము మానుట మాత్రమే చాలదు. మానినదాని వెలను మరమగ్గము ఆగిన కార్మికుని ఇంటికిని, గల్ఫ్ నుండి డబ్బు రాని కుటుంబమునకును చేర్చుదము. అప్పుడు ఈస్టరు వారికిని పండుగ అగును.