గొంతులో ట్యూబ్.. దూపైతే చెప్పేదెలా? ఐసీయూలో మాటకు బదులు బొమ్మల బోర్డు

నాగర్‌కర్నూల్: కృష్ణా ఒడ్డున ఉన్న సోమశిలకు చెందిన ఓ పెద్దాయనకు ఊపిరాడక పట్నంలో వెంటిలేటర్ పెట్టారనుకుందాం. మెలకువ వచ్చింది. దూపైతోంది. కానీ మాట రాదు. నోట్లోంచి వేసిన ట్యూబ్ స్వరతంత్రుల మధ్య నుంచే శ్వాసనాళంలోకి దిగుతుంది. గాలంతా ట్యూబ్‌లోనే తిరుగుతుంది కాబట్టి శబ్దం పుట్టదు.

చెప్పలేక కంగారుపడితే చెయ్యి ట్యూబ్ మీదకు పోతుంది. పీకేసుకుంటే ప్రాణాపాయం. అందుకే కొన్నిసార్లు చేతులు కట్టేస్తారు. దాంతో సైగ చేసే దారి కూడా పోతుంది!

ఇలాంటప్పుడు పనికొచ్చేదే బొమ్మల బోర్డు. నొప్పి, దాహం, ఆయాసం, చలి, భయం, ఇంటివాళ్లు.. ఇలా ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. పేషెంట్ వేలు పెట్టి చూపిస్తాడు. చెయ్యి లేవకపోతే నర్సు ఒక్కో బొమ్మ మీద వేలు పెడుతూ పోతుంది, కావాల్సింది రాగానే పేషెంట్ కళ్లు మూస్తాడు. మనిషి శరీరం మీ ముందున్న బొమ్మలో ఉంటే నొప్పి ఎక్కడో కూడా తెలిసిపోతుంది.

అక్షరాల బోర్డులూ ఉన్నాయి. ఇంగ్లిష్‌కు 26 అక్షరాలు చాలు. తెలుగులో గుణింతాలు, వత్తులు కూడా కావాలి. 'నీళ్లు' అని కూర్చేసరికే పేషెంట్ అలసిపోతాడు. చదువు రాని పెద్దవాళ్లకైతే అసలు ఉపయోగమే లేదు. బొమ్మే నయం.

మాటతోనూ చిక్కే. పాలమూరు పల్లెల్లో దాహాన్ని 'దూప' అంటారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన నర్సుకు ఆ మాట తెలియకపోవచ్చు. అందుకే బొమ్మ కింద ఊరి మాట రాసి పెట్టుకోవాలి. మనవాళ్లు తల ఊపితే అవునో కాదో ఒక్కోసారి మనకే అర్థం కాదు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కళ్లు మూయమని ముందే చెప్పుకుంటే మేలు. ప్రశ్న కూడా ఒక్కటే అడగాలి. "నొప్పా, దూపనా?" అంటే కళ్లు మూసి ఏం చెప్తారు?

దూప అని తెలిసినా నీళ్లు తాగించరు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. డాక్టర్ చెప్పినట్టు పెదాలు, నోరు తడుపుతారు. మెడ దగ్గర రంధ్రం చేసి ట్యూబ్ వేసిన కొందరికి మాట్లాడే వాల్వ్ పెట్టొచ్చు. అయితే ట్యూబ్ చుట్టూ ఉండే గాలి బుడగను ముందు పూర్తిగా ఖాళీ చేయాల్సిందే, లేదంటే ఊపిరి వదలలేరు.

మందుల మత్తు, అయోమయం ఉంటే జవాబు తేడా రావొచ్చు. కాసేపాగి మళ్లీ అడగాలి. ఇంటివాళ్లు మాత్రం పెద్దాయన కళ్లజోడు, వినికిడి మిషన్ నర్సుకు ఇచ్చి రావాలి. అవి ఇంట్లోనే ఉండిపోతే బోర్డు కనిపించదు, ప్రశ్న వినిపించదు.